సంపులోని చల్లదనాన్ని గదిలోకి తెచ్చుకోవడం ఎలా

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మిద్దె మీది ట్యాంకు కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. అదే సమయంలో వాకిట్లో సంపు మూత తీసి చెంబుతో నీళ్లు ముంచితే హాయిగా ఉంటాయి. ఒకే ఇంట్లో, ఒకే ఎండలో ఇంత తేడా ఎందుకంటే సంపు చుట్టూ మట్టి ఉంది. ఆ మట్టి చల్లదనాన్ని పడక గదిలోకి తెచ్చుకునే పద్ధతి ఇది. సంపులో ఒక పైపు చుట్ట ముంచి, దానిలో నీళ్లు తిప్పి, ఆ నీళ్లని గదిలో ఫ్యాన్ ముందు పెట్టిన కారు రేడియేటర్‌లోంచి పంపుతాం. ఏసీ అంత చల్లగా ఉండదు, ముందే చెబుతున్నాను. కానీ రోజుకి ఒక యూనిట్ కరెంటుతో, కూలర్‌లా గదిలో తేమ పెంచకుండా, ఒక గది వేడిని ఓర్చుకోగలిగే స్థాయికి దించవచ్చు. ఏసీ కొనలేని ఇళ్లకి, బిల్లు చూసి ఏసీ ఆపేసే ఇళ్లకి ఇది చాలా తేడా.

నేల చల్లదనంతో ఇల్లు చల్లబరచడం గురించి వెతికితే అమెరికా, యూరప్ వాళ్ల పద్ధతులు చాలా కనిపిస్తాయి. అక్కడ పది అడుగుల లోతులో మట్టి 10 నుంచి 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ లెక్కలు చూసి ఇక్కడ పని మొదలుపెడితే డబ్బులు వృథా అవుతాయి. లోతు మట్టి ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకి దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్ వైపు అది సుమారు 27 డిగ్రీలు, కోస్తాలో 28, 29. నంద్యాల జిల్లా బెలూం గుహల్లోకి దిగినవాళ్లకి ఇది ఒంటితో తెలుసు. భూమి లోపలికి వెళ్లినా అక్కడ చలి వేయదు, ఉక్కపోస్తుంది.

అయితే బయట 43 ఉన్నప్పుడు 28 అంటే 15 డిగ్రీల తేడా. దాన్ని వాడుకోవచ్చు. ఇంకో మంచి సంగతి కూడా ఉంది. ఎండాకాలపు వేడి మట్టిలో నెమ్మదిగా దిగుతుంది. పది అడుగుల లోతుకి చేరేసరికి రెండు నెలలు దాటుతుంది. అందుకే రోహిణి కార్తెలో పైన రోళ్లు పగిలే ఎండ ఉన్నా, కింద మట్టిలో ఇంకా చలికాలపు చల్లదనం కొంత మిగిలే ఉంటుంది.

పెరట్లో కందకం తవ్వి, ఆరంగుళాల పైపు పాతి, అందులోంచి గాలిని గదిలోకి లాగే పద్ధతి ఒకటి ఉంది. ఖాళీ స్థలం ఉండి, కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు దాన్ని ఆలోచించవచ్చు. 30 మీటర్ల పైపు, పది అడుగుల లోతు, జేసీబీ ఖర్చు పెట్టుకుంటే వచ్చేది సుమారు 700 వాట్ల చల్లదనం. ఒక టన్ను ఏసీ ఇచ్చేది 3,500 వాట్లు. తెలంగాణలో చాలా చోట్ల నాలుగడుగులు తవ్వగానే రాయి తగులుతుంది, అప్పుడు ఖర్చు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఇప్పటికే కట్టిన ఇంటికి, ముఖ్యంగా పట్నంలో 150, 200 గజాల స్థలంలో ఉన్నవాళ్లకి నేను దీన్ని సూచించను. ఆ గొయ్యి మీ వాకిట్లో ముందే తవ్వి ఉంది. దాని పేరే సంపు.

ముందు కొలవండి

ఏదీ కొనకముందు ఒక డిజిటల్ థర్మామీటర్ తెచ్చుకోండి. చేపల తొట్టెల సామాన్లు అమ్మే షాపుల్లో పొడవైన వైరుతో దొరుకుతుంది. ఏప్రిల్ చివర్లో గానీ మేలో గానీ సాయంత్రం నాలుగింటికి ఆ వైరుకి చిన్న బరువు కట్టి సంపు అడుగుదాకా దించి, పది నిమిషాలు ఆగి చూడండి. తర్వాత మీరు చల్లబరచాలనుకున్న గదిలో, మంచం ఎత్తులో కొలవండి. ఇలా మూడు రోజులు రాసుకోండి.

గదికీ సంపుకీ మధ్య తేడా 5 డిగ్రీలు, ఆపైన ఉంటే ముందుకు వెళ్లండి. 3 కంటే తక్కువ ఉంటే ఈ పని మీ ఇంటికి సరిపోదు, డబ్బు ఖర్చు పెట్టకండి. సంపు ఎండలో ఉండి, పైన పల్చటి ఇనుప మూత ఉంటే దాని మీద నీడ వేసి మళ్లీ కొలిచి చూడండి. రెండు పూలకుండీలు, ఒక పాత గోనెపట్టా చాలు.

సంపు ఎంత పెద్దదో కూడా లెక్క వేసుకోండి. పొడవు, వెడల్పు, నీటి లోతు మీటర్లలో గుణించి వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. మనం గదిలోంచి తీసే వేడి సుమారు 1,000 వాట్లు అనుకుందాం. ఎనిమిది గంటలు నడిపితే 10,000 లీటర్ల సంపు వేడెక్కేది ముప్పావు డిగ్రీ లోపే. 5,000 లీటర్లయితే దాదాపు ఒకటిన్నర డిగ్రీ. 3,000 లీటర్లకి రెండు డిగ్రీలు దాటుతుంది, అంతకంటే చిన్న సంపుతో లాభం లేదు. ఎక్కిన వేడిలో కొంత రాత్రికి చుట్టూ ఉన్న మట్టి లాగేసుకుంటుంది. కొంత మీరు రోజూ వాడుకునే నీళ్లతో పోతుంది.

శ్లాబు సంగతి తేల్చకుండా మొదలుపెట్టవద్దు

ఇది చాలామంది వదిలేసే పని, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. పన్నెండు అడుగుల చదరపు గది మీద ఏ రక్షణా లేని ఆర్‌సీసీ శ్లాబు ఉంటే, మే మధ్యాహ్నం అది గదిలోకి దించే వేడి ఒక్కటే 900 వాట్ల దాకా ఉంటుంది. అంటే మన సంపు ఇచ్చే చల్లదనం మొత్తం శ్లాబు తినేస్తుంది. మీరు ఖర్చు పెట్టి, కష్టపడి, చివరికి ఏమీ తేడా లేదని బాధపడతారు.

కాబట్టి మార్చిలోనే మిద్దె శుభ్రంగా ఊడ్చి, కడిగి, తెల్ల సున్నం రెండు పూతలు వేయండి. సున్నంలో కాస్త ఫెవికాల్ లాంటి జిగురు కలిపితే తొందరగా రాలదు. ఖర్చు పెట్టగలిగితే ఎండని వెనక్కి తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ వేసుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. పడమటి కిటికీకి లోపల కర్టెన్ కాదు, బయట తడికె గానీ గ్రీన్ నెట్ గానీ కట్టండి. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండని కర్టెన్ ఆపలేదు.

మీది రెండంతస్తుల ఇల్లయితే ఈ ఏర్పాటు కింది గదికి పెట్టుకోండి. ఫలితం బాగా తెలుస్తుంది.

బకెట్ పరీక్ష

గదిలో పెట్టే పరికరం ఏమిటంటే కారు రేడియేటర్, దాని వెనక ఒక ఫ్యాన్. చిన్న కారుకి వచ్చే అల్యూమినియం రేడియేటర్ స్పేర్ పార్టుల షాపులో కొత్తది తీసుకోండి. పాతది చవకగా వస్తుంది కానీ వద్దు. దాని లోపల కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మిగిలి ఉంటుంది, అది విషం. పాతకాలపు రాగి రేడియేటర్లలో సీసం అతుకులు ఉంటాయి. మనం తాగే నీళ్ల దగ్గర పని చేస్తున్నాం, ఈ ఒక్క విషయంలో పొదుపు పనికిరాదు.

సంపులో పైపులు వేయకముందే ఇది ఎంత పని చేస్తుందో తెలుసుకోవచ్చు. 20 లీటర్ల బకెట్‌లో సంపు నీళ్లు తెచ్చి గదిలో పెట్టండి. ఎయిర్ కూలర్‌లో ఉండే చిన్న పంపు ఆ బకెట్‌లో వేసి, ట్యూబుతో రేడియేటర్ కింది మూతికి కలపండి. పై మూతి నుంచి ఇంకో ట్యూబు తిరిగి బకెట్‌లోకి. వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టి, రేడియేటర్ అంచుల చుట్టూ అట్టముక్కలతో మూసేయండి. లేకపోతే గాలి పక్కల నుంచి తప్పించుకుంటుంది. ఇప్పుడు బకెట్‌లో థర్మామీటర్ వేసి గడియారం చూడండి.

నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి నిమిషంన్నర పడితే మీ రేడియేటర్ గదిలోంచి సుమారు 900 వాట్ల వేడి తీస్తున్నట్టు. మూడు నిమిషాలు పడితే అందులో సగమే. అప్పుడు పెద్ద ఫ్యాన్ పెట్టి చూడండి, లేదా అట్ట సరిగ్గా మూయండి. బకెట్ నీళ్లు వేడెక్కేకొద్దీ లెక్క తగ్గుతుంది కాబట్టి మొదటి రెండు డిగ్రీలనే చూడండి. పరీక్ష అయ్యాక ఆ నీళ్లు మొక్కలకి పోయండి, సంపులో తిరిగి పోయవద్దు.

ఈ పరీక్షలో ఫ్యాన్ ముందు నిలబడితే వచ్చే గాలి ఎలా ఉంటుందో తెలుస్తుంది. 35 డిగ్రీల గది గాలి 31, 32కి దిగి వస్తుంది. అది చాలదు అనిపిస్తే ఇక్కడే ఆపేయండి, పోయేది ఒక రేడియేటర్ ఖర్చు మాత్రమే.

సంపులో చుట్ట

సంపు నీళ్లని నేరుగా రేడియేటర్‌లోకి పంపి తిరిగి సంపులోకి వదలవద్దు. తాగే నీళ్లు కారు సామానులోంచి తిరగకూడదు. పైగా బోరు నీళ్లలోని సున్నం రోజులు గడిచేకొద్దీ రేడియేటర్‌ని పూడ్చేస్తుంది. అందుకని సంపులో ఒక పైపు చుట్ట ముంచి, దాని లోపల వేరే నీళ్లు తిప్పుతాం. సంపు నీళ్లూ ఆ నీళ్లూ ఎక్కడా కలవవు.

కావలసింది తాగునీటికి వాడే 25 ఎంఎం హెచ్‌డీపీఈ నల్ల పైపు, 100 మీటర్ల ఒకే చుట్ట. పైపు మీద ఐఎస్ 4984 అని ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి. డ్రిప్‌కి వాడే పల్చటి పైపు వద్దు. సంపు లోపల ఒక్క జాయింట్ కూడా ఉండకూడదు, అందుకే ఒకే ముక్క. రెండు కొసలూ సంపు బయటికి వచ్చాకే జాయింట్లు.

ఆ చుట్ట సంపు మూతలోంచి పట్టదు. మన సంపు మూతలు రెండడుగుల చదరం ఉంటాయి, చుట్ట అంతకంటే పెద్దది. కాబట్టి సంపు కడిగే రోజున, నీళ్లు పూర్తిగా తీసేసినప్పుడు ఈ పని పెట్టుకోవాలి. పైనుంచి ఒకరు పైపు విప్పుతూ అందిస్తుంటే లోపల ఉన్నవాళ్లు మళ్లీ గుండ్రంగా చుడతారు.

లోపలికి దిగే ముందు ఆగండి. మూసి ఉన్న సంపులో ఊపిరాడక మనుషులు చనిపోతున్నారు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు కూడా. మూత కనీసం కొన్ని గంటల ముందు తీసి ఉంచండి, ఒక టేబుల్ ఫ్యాన్ పైనుంచి లోపలికి గాలి కొట్టేలా పెట్టండి. ఫ్యాన్ బయటే ఉండాలి, లోపలికి వేలాడదీయవద్దు. దిగేవాళ్ల నడుముకి తాడు కట్టండి, ఆ తాడు పట్టుకుని పైన ఇద్దరు ఉండాలి. లోపల కరెంటు పరికరాలు వద్దు, బ్యాటరీ లైటు చాలు. పెట్రోలు ఇంజన్ పంపుతో నీళ్లు తోడిస్తే ఆ పొగ సంపులోకి దిగుతుంది, అది ఇంకా ప్రమాదం. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే పైకి రావాలి. పైన ఉన్నవాళ్లు ఎంత కంగారుగా ఉన్నా లోపలికి దూకకూడదు, తాడుతో లాగాలి, 101కో 112కో ఫోన్ చేయాలి. రోజూ సంపులు కడిగే పనివాళ్లని పిలిచినా ఈ జాగ్రత్తలు మీ బాధ్యతే.

లోపల మూడున్నర అడుగుల వెడల్పు చుట్లు వేయండి. 25 చుట్ల దాకా వస్తాయి. వాటిని ఒకదాని మీద ఒకటి అంటించి పెడితే మధ్య చుట్లకి నీళ్లు తగలవు. చుట్టుకీ చుట్టుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. నాలుగు యూపీవీసీ పైపు ముక్కలు నిలువుగా నిలబెట్టి, వాటికి ప్రతి చుట్టునీ ప్లాస్టిక్ కేబుల్ టైతో బిగించండి. సంపు పొడవుగా ఉంటే రెండు దొంతర్లుగా పక్కపక్కన పెట్టవచ్చు, ఎత్తు తగ్గి ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉంటాయి. మోటారు ఫుట్ వాల్వుకి (నీళ్లు లాగే పైపు కింది కొసకి) దూరంగా పెట్టండి. ఇనుప తీగ, వెదురు బద్దలు తాగేనీళ్లలో వద్దు.

ఇక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నాను, మీరు అలా చేయకండి. పైపు బిగించి, బరువులు పెట్టి, సంపు నింపేశాను. పొద్దున చూస్తే చుట్ట మొత్తం టైలు తెంచుకుని పైకి తేలి, కాట్ల చేపలా పడి ఉంది. 100 మీటర్ల పైపులో 30 లీటర్లకి పైగా గాలి ఉంటుంది, అది 30 కిలోల బరువుని పైకి ఎత్తుతుంది. ముందు పైపు లోపల నీళ్లు నింపి, రెండు కొసలూ మూసి, ఆ తర్వాతే సంపులోకి నీళ్లు వదలండి. లోపల నీళ్లు ఉంటే తేలే శక్తి కిలోకి మించదు. శుభ్రంగా కడిగిన గ్రానైట్ ముక్కలు నాలుగు కింద కడితే చాలు.

రెండు కొసలనీ మూత సందులోంచి బయటికి తేవద్దు. మూత సరిగా పడక దోమలు, బొద్దింకలు లోపలికి వెళ్తాయి. నీటి మట్టానికి పైన, సంపు మెడ గోడకి డ్రిల్లింగ్ మిషన్ వాళ్లతో రెండు రంధ్రాలు వేయించి, పైపు దూర్చి, చుట్టూ సిలికాన్‌తో పూర్తిగా మూయించండి.

గదిదాకా

సంపు నుంచి గదికి పైపు నీడలో, వీలైతే ఉత్తరపు గోడ వెంట తీసుకురండి. 15 మీటర్లు దాటకపోతే మంచిది. ఏసీ రాగి పైపులకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టం రెండు పైపులకీ తొడగండి. ఎండ తగిలే చోట దాని మీద తెల్ల టేపు చుట్టండి. గోడ మీద ఎండలో పది అడుగుల నల్ల పైపు ఉంటే సంపులో సంపాదించినదాంట్లో కొంత అక్కడే పోతుంది.

నీళ్లు తిప్పడానికి సోలార్ వాటర్ హీటర్ సామాన్ల షాపులో దొరికే సర్క్యులేషన్ పంపు, 50 నుంచి 90 వాట్ల మధ్యది సరిపోతుంది. ఇది సంపు బయట, వాన తగలని చోట ఉండాలి. సంపు లోపల కరెంటు పంపు ఆలోచన అసలు వద్దు. మొత్తం ఏర్పాటుకి వేరే స్విచ్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపేసే స్విచ్) ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి.

పైపుల్లో అన్నిటికంటే ఎత్తైన చోట, మామూలుగా రేడియేటర్ పైన, ఒక టీ జాయింటు వేసి దాని మీద అడుగు ఎత్తు పైపు ముక్క నిలబెట్టండి. నీళ్లు పోసేది అక్కడే, గాలి బయటికి పోయేదీ అక్కడే. ఆర్వో నీళ్లు 40 లీటర్లు సిద్ధంగా పెట్టుకుని నెమ్మదిగా పోస్తూ, పంపుని ఆన్ చేస్తూ ఆపుతూ ఉండండి. బుడగలు రావడం ఆగేదాకా గంట పట్టినా ఓపిక పట్టండి. లోపల గాలి మిగిలితే పంపు శబ్దం చేస్తుంది కానీ నీళ్లు తిరగవు. కూలెంట్, రంగు, ఫినాయిల్ ఏదీ కలపవద్దు. ఎప్పుడైనా లీకైనా అవి మామూలు మంచినీళ్లే అయి ఉండాలి.

రేడియేటర్‌ని ప్లైవుడ్ ఫ్రేములో బిగించి వెనక 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి. గది మొత్తం చల్లబడాలని పైన పెట్టే కంటే, మంచం ఎత్తులో, పడుకునేవాళ్ల మీదికి గాలి వచ్చేలా పెడితే సుఖం ఎక్కువ. ఇంట్లో ముసలివాళ్లో పసిపిల్లలో ఉంటే వాళ్ల మంచం పక్కనే.

ఎప్పుడు నడపాలి, ఎప్పుడు వద్దు

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా, మళ్లీ పడుకునే ముందు మూడు గంటలు నడిపితే బాగుంటుంది. ఆ సమయంలో కిటికీలు మూసి ఉంచాలి. తెల్లవారుజామున బయట గాలి సంపు కంటే చల్లగా ఉంటే, మార్చిలో చాలా రోజులు అలా ఉంటుంది, కిటికీలన్నీ తెరిచి పంపూ ఫ్యాన్ రెండూ ఒక గంట నడపండి. అప్పుడు పని తిరగబడుతుంది. సంపు తన వేడిని బయటికి వదిలి, మే నెల కోసం కాస్త చల్లదనం దాచుకుంటుంది.

తెలంగాణ, రాయలసీమ పొడి ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో మామూలు ఎయిర్ కూలర్ దీనికంటే చల్లటి గాలి ఇస్తుంది. నీళ్లకి ఇబ్బంది లేకపోతే అప్పుడు కూలరే వాడండి. వాన మొదలై గాలిలో తేమ పెరిగాక కూలర్ పని చేయదు, అప్పుడు దీన్ని వాడండి. నెల్లూరు, గుంటూరు, విజయవాడ, రాజమహేంద్రవరం వైపు మే నెలలో కూడా కూలర్‌తో ఒళ్లంతా జిడ్డుగా ఉంటుంది. అక్కడ ఇది మొదటి రోజు నుంచే నయం.

గదికీ సంపుకీ తేడా మూడు డిగ్రీల లోపుకి వస్తే పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్ వేసుకోండి. నెలకోసారి టీ దగ్గర నీటి మట్టం చూడండి. ఊరికే తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం, కారణం దొరికేదాకా నడపవద్దు. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము పెయింట్ బ్రష్‌తో పదిహేను రోజులకోసారి తుడవండి.

గోదావరి జిల్లాల్లో, కృష్ణా డెల్టాలో పెరట్లో వాడకం లేని పాత నుయ్యి ఉన్నవాళ్లు సంపు జోలికి పోనక్కరలేదు. నూతిలో నీళ్లు చుట్టూ భూగర్భ జలంతో కలిసి ఉంటాయి కాబట్టి అంత తొందరగా వేడెక్కవు. నూతిలోకి మనిషి దిగే పని కూడా లేదు. ఒడ్డు మీదే పైపుని ఫ్రేముకి కట్టి, లోపల నీళ్లు నింపి, బరువులు కట్టి, రెండు వైపులా తాళ్లతో నెమ్మదిగా దించండి. వేసవిలో నీళ్లు అడుగంటే లోతు ఎంతో ముందు సంవత్సరం గుర్తు పెట్టుకుని, చుట్ట దానికంటే కిందికి వెళ్లేలా చూసుకోండి. తాళ్లని నూతి గట్టుకి కట్టేసి, పైన ఇనుప జాలీ వేయించండి.